పాఠశాలలో పుట్టినరోజు వేడుక: ఒక చారిత్రక పరిశీలన

ఈనాడు మన పట్టణాలలోని పాఠశాలలలో ఒక దృశ్యం సర్వసాధారణమైపోయింది. తరగతిలోని పిల్లలంతా ఒకే రకం యూనిఫారంలో కూర్చుని ఉండగా, ఒక్క పిల్లవాడు మాత్రం కొత్త రంగుబట్టలు వేసుకుని చాక్లెట్ల డబ్బాతో వస్తాడు. ఉపాధ్యాయురాలు అతన్ని ముందుకు పిలుస్తుంది. తరగతి అంతా చప్పట్లు కొడుతూ పాట పాడుతుంది. ఆ సాయంత్రం ఇంటి వద్ద జరిగే విందుకు పిలుపు చీటీలు కొందరి చేతికి అందుతాయి, మరికొందరికి అందవు.

ముస్లిం కుటుంబాలలో ఈ విషయమై చర్చ వచ్చినప్పుడల్లా మొదట తలెత్తే ప్రశ్న, పుట్టినరోజు జరుపుకోవడం ధర్మసమ్మతమా కాదా అన్నది. ఉలమాలో ఈ విషయమై భిన్నాభిప్రాయాలున్నాయి. పరజాతుల అనుకరణ అని కొందరు దీనిని వద్దంటారు. ఆరాధనగా భావించనంతవరకు, దుబారాకు తావివ్వనంతవరకు ఇది కేవలం లోకాచారమేనని మరికొందరు అంటారు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తాము సోమవారంనాడు ఉపవాసం ఉండడానికి గల కారణాలలో ఆ దినం తమ జన్మదినం కావడాన్ని కూడా పేర్కొన్నారని సహీహ్ ముస్లింలోని ఉల్లేఖనం వలన తెలుస్తున్నది. ఉభయ పక్షాలవారూ ఈ హదీసును తమ తమ దృష్టితో వివరిస్తారు. ఆ తీర్పు చెప్పవలసినవారు ముఫ్తీలు.

అయితే చరిత్ర మన ముందుంచే ప్రశ్న మరొకటి ఉన్నది. ఒక ఇంటి వేడుక పాఠశాల గడప దాటి లోపలికి వచ్చినప్పుడు ఉపాధ్యాయుని ధర్మం ఏమిటి? పదుగురు పిల్లలున్న చోట ఒక్కరి సంతోషాన్ని ఏ విధంగా నడిపించాలి? ఇది ఆధునిక కాలంలో పుట్టిన ప్రశ్న అని చాలామంది అనుకుంటారు. ముస్లిం విద్యావేత్తలు దాదాపు పదకొండు వందల సంవత్సరాల క్రితమే దీనిని చర్చించి, స్పష్టమైన నియమాలు వ్రాసిపెట్టారన్న సంగతి మనలో చాలామందికి తెలియదు.

ఖైరవాన్ మక్తబ్‌లో

నేటి ట్యునీషియాలోని ఖైరవాన్ నగరం హిజ్రీ మూడవ శతాబ్దంలో మాలికీ ధర్మశాస్త్రానికి గొప్ప కేంద్రం. అచ్చటి సుప్రసిద్ధ న్యాయవేత్త ఇమామ్ సహ్నూన్ (మరణం హి. 240, క్రీ.శ. 854). ఆయన కుమారుడు ముహమ్మద్ ఇబ్న్ సహ్నూన్ (మరణం హి. 256, క్రీ.శ. 870) పిల్లల ఉపాధ్యాయుల కోసం 'ఆదాబుల్ ముఅల్లిమీన్' అనే చిన్న గ్రంథం కూర్చారు. ఇస్లామీయ వాఙ్మయంలో కేవలం బోధనావృత్తి కోసమే వ్రాయబడిన తొలి గ్రంథాలలో ఇది ఒకటి. తండ్రిని తాను అడిగిన ప్రశ్నలు, ఆయన ఇచ్చిన సమాధానాలే ఇందులో ఎక్కువ భాగం.

ఆ కాలపు మక్తబ్‌లో పుట్టినరోజు వేడుక లేదు. కాని పిల్లల వేడుకలు లేకపోలేదు. ఒక బాలుడు ఖుర్‌ఆన్ పఠనం ముగించినప్పుడు 'ఖత్మ్' జరిగేది. పండుగలు వచ్చేవి. కానుకలు, తినుబండారాలు, సెలవులు అన్నీ ఉండేవి. వాటితోపాటు అసమానతలు కూడా వచ్చేవి. ఇమామ్ సహ్నూన్ సమాధానాలను చదివితే ఆయన దృష్టి ఎక్కడ నిలిచిందో అర్థమవుతుంది.

పండుగ సెలవుల లెక్క ఆయన చెప్పారు. ఈదుల్ ఫిత్ర్‌కు ఒక దినం, మూడు దినాలైనా తప్పులేదు. ఈదుల్ అద్‌హాకు మూడు దినాలు, అయిదైనా తప్పులేదు. ఖత్మ్ సందర్భంలో పిల్లలకు ఒక దినం పాటు సెలవు ఇవ్వవచ్చు. అంతకు మించి ఇవ్వాలంటే పిల్లలందరి తండ్రుల అనుమతి కావాలి. ఎందుకంటే ఉపాధ్యాయుడు వారందరి నుండి జీతం తీసుకుని పనిచేస్తున్నాడు. ఏ ఒక్కరి తండ్రికో చెందినవాడు కాడు.

ఆ తర్వాతి ప్రశ్న మరీ ముఖ్యమైనది. ఒక్కొక్కసారి ఒక పిల్లవాడు ఉపాధ్యాయునికి ఏదో కానుక తెచ్చి ఇస్తాడు, దానికి సంతోషించి ఆయన పిల్లలందరికీ సెలవు ఇచ్చేస్తాడు, ఇది తగునా? తగదని ఇమామ్ సమాధానం. ఇటువంటి పనుల వల్లనే చాలామంది ఉపాధ్యాయుల సాక్ష్యం న్యాయస్థానంలో చెల్లకుండా పోయిందని కూడా ఆయన అన్నారు. ఒక పిల్లవాడి కానుకతో మొత్తం బడి నడక మారిపోవడం ఆయన దృష్టిలో చిన్న విషయం కాదు. అది అమానత్‌కు సంబంధించిన లోపం.

నిర్ణయించుకున్న వేతనానికి మించి పిల్లలను కానుకలు అడగడం కూడా ఆయన నిషేధించారు. నోటితో అడగకపోయినా, కానుక తెచ్చినవారిని త్వరగా ఇంటికి వదిలిపెట్టడం కూడా అడగడం వంటిదే. ఎందుకంటే అది చూసిన మిగతా పిల్లలు తామూ ఏదో ఒకటి తేవాలని భావిస్తారు.

ఖత్మ్ వేడుకలో జనం మీదికి పండ్లు వెదజల్లే ఆచారం ఒకటి ఉండేది. అది కూడదని ఇమామ్ సహ్నూన్ అన్నారు. దైవప్రవక్త (స) 'నుహ్‌బా'ను, అనగా దొరికినవాడు దొరికినంత గుంజుకొనే పద్ధతిని వారించి ఉండడమే ఇందుకు కారణం. అటువంటి చోట బలమైనవాడి ఒడి నిండుతుంది, బలహీనుడు, చిన్నవాడు ఖాళీ చేతులతో నిలబడతాడు. ధనికుల పిల్లలను, పేదల పిల్లలను సమంగా చూడని ఉపాధ్యాయుడు ప్రళయదినాన ద్రోహుల సరసన లేపబడతాడనే ఉల్లేఖనాన్ని కూడా ఇబ్న్ సహ్నూన్ తన గ్రంథంలో చేర్చారు. ఈ నియమాలన్నిటికీ మూలసూత్రం ఇదే.

కైరో నుండి ఒక హెచ్చరిక

ఖైరవాన్ తర్వాత సుమారు అయిదు శతాబ్దాలకు కైరో నగరంలో మరో మాలికీ విద్వాంసుడు ఇదే విషయాన్ని ఇంకా లోతుగా పరిశీలించారు. ఫాస్ నగరంలో పుట్టి కైరోలో స్థిరపడిన ఇబ్నుల్ హాజ్ (మరణం హి. 737, క్రీ.శ. 1336) తమ 'అల్ మద్‌ఖల్' గ్రంథంలో ఆనాటి సమాజంలోని ప్రతి వృత్తిని, ప్రతి ఆచారాన్ని పరీక్షకు పెట్టారు. పిల్లల మక్తబ్ గురించి కూడా విపులంగా వ్రాశారు.

పిల్లలు డబ్బు గాని, తినుబండారాలు గాని మక్తబ్‌కు తెచ్చుకుని అందరి ముందు తినే అలవాటును ఉపాధ్యాయుడు మాన్పించాలని ఆయన కోరారు. అందుకు ఆయన చూపిన కారణం పరిశుభ్రతా కాదు, క్రమశిక్షణా కాదు. పేద పిల్లవాడు, అనాథ, ఏమీ లేని ఇంటినుండి వచ్చినవాడు పక్కవాడి చేతిలో ఉన్నది చూస్తారు. వారి మనస్సు విరుగుతుంది. ఇంటికి వెళ్లి తమకూ కావాలని ఏడుస్తారు. తెచ్చివ్వలేని తల్లిదండ్రులు నలిగిపోతారు. ఆరు వందల సంవత్సరాలకు పైబడిన ఈ మాటలు నేటి ఏ పాఠశాల నియమావళిలోనైనా చేర్చదగినవి.

ఈ ఆలోచన ఆయన ఒక్కరిదే కాదు. కూర వండేటప్పుడు షోర్వాలో నీరు కొంచెం ఎక్కువ పోసి అయినా పొరుగువారికి పంపవలసిందని దైవప్రవక్త (స) హజ్రత్ అబూజర్‌ (రజి)కు బోధించారు. ధనికులను పిలిచి పేదలను వదిలివేసే వలీమా విందు విందులన్నిటిలోకి చెడ్డదని హజ్రత్ అబూహురైరా (రజి) ఉల్లేఖించిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది. గమనించవలసింది ఏమిటంటే, ఇక్కడ చెడు అని చెప్పబడినది వలీమా కాదు. వలీమా సున్నత్. పిలిచే తీరులోని పక్షపాతమే దానిని చెడగొట్టింది.

ఇబ్నుల్ హాజ్ మరో విషయం కూడా వ్రాశారు. ఖుర్‌ఆన్ ముగించిన బాలునికి కైరోలో గొప్ప ఊరేగింపు జరిగేది. పట్టుబట్టలు కట్టి, బంగారంతో అలంకరించి, వాహనమెక్కించి వీధులలో త్రిప్పేవారు. మక్తబ్‌ను కూడా అలంకరించేవారు. దీనిని ఆయన తీవ్రంగా ఖండించారు. సందర్భం ఖుర్‌ఆన్ పూర్తి కావడమే అయినప్పటికీ ఆడంబరాన్ని ఆయన ఒప్పుకోలేదు. పుట్టినరోజును వద్దని చెప్పి, అదే ఆర్భాటాన్ని ధార్మిక నామంతో జరుపుకొనేవారు ఈ భాగాన్ని శ్రద్ధగా చదవాలి.

సాల్‌గిరహ్, బిస్మిల్లా

భారతదేశంలో ముస్లింల మధ్య జన్మదిన వేడుక పాశ్చాత్యుల ద్వారానే వచ్చిందనుకోవడం సరికాదు. 'సాల్' అంటే సంవత్సరం, 'గిరహ్' అంటే ముడి. ఏడాదికి ఒక ముడి చొప్పున దారానికి ముడులు వేసి వయస్సు లెక్కించడం వలన జన్మదినానికి సాల్‌గిరహ్ అనే పేరు వచ్చింది. మొగలు దర్బారులో అక్బరు కాలం నుండి చక్రవర్తిని బంగారం, వెండి తదితర వస్తువులతో తూచి, ఆ వస్తువులను దానం చేసే ఆచారం నడిచింది. ఔరంగజేబు తన పాలన రెండవ దశకంలో దీనిని నిలిపివేశాడు.

ఇంగ్లండు రాయబారి సర్ థామస్ రో 1617లో మాండూలో జహంగీరు జన్మదినాన్ని కళ్లారా చూసి వ్రాసిపెట్టాడు. చక్రవర్తి వెండితో చేసిన పలుచని పండ్లను, గింజలను సభికుల మధ్యకు విసరగా గొప్ప గొప్ప అమీరులు నేలమీద పడి వాటి కోసం పెనుగులాడారు. ఖైరవాన్ ఇమామ్ పిల్లల మక్తబ్‌లో కూడదన్న 'నుహ్‌బా' ఎనిమిది శతాబ్దాల తర్వాత సామ్రాజ్య సభలో రాజవైభవంగా చెలామణి అయింది.

సామాన్య ప్రజల విషయానికి వస్తే, దక్కన్‌కు చెందిన జాఫర్ షరీఫ్ రచన 'ఖానూనె ఇస్లాం' మనకు మంచి ఆధారం. డాక్టర్ హెర్క్‌లాట్స్ ఆంగ్లానువాదంతో ఇది 1832లో లండనులో వెలువడింది. ఇందులో సాల్‌గిరహ్ ప్రస్తావన ఉన్నది. కాని అది ఇంటిలో, స్త్రీల మధ్య జరిగే వేడుక. బడికి దానితో పనిలేదు. పిల్లవాడి చదువుతో ముడిపడిన వేడుకలు వేరు. నాలుగు సంవత్సరాల నాలుగు మాసాల నాలుగు దినాల వయస్సులో 'బిస్మిల్లా' జరిగేది. బంధుమిత్రులను పిలిచి, పిల్లవాడికి కొత్త బట్టలు తొడిగి ఉస్తాద్ ముందు కూర్చోబెట్టి అల్లాహ్ నామం పలికించేవారు. ఖుర్‌ఆన్ ముగించిన నాడు 'హదియా' జరిగేది. పండుగలకు ఉస్తాద్ రంగు కాగితం మీద 'ఈదీ' పద్యం వ్రాసి ఇస్తే, పిల్లవాడు దానిని ఇంట్లో చదివి వినిపించేవాడు. తల్లిదండ్రులు ఉస్తాద్‌కు కొంత పైకం పంపేవారు.

బిస్మిల్లా వేడుక ఎంత పాతదో అక్బరు బాల్యం తెలుపుతున్నది. 1547లో హుమాయూన్ తన కుమారుని విద్యారంభానికి జ్యోతిష్కులతో ముహూర్తం పెట్టించాడు. తీరా ఆ ఘడియ వచ్చేసరికి చిన్న అక్బరు ఆటలకు పోయి ఎక్కడ వెదికినా కనిపించలేదని అబుల్ ఫజల్ 'అక్బర్‌నామా'లో వ్రాశాడు. పెద్దలు తమ కోసం ఏర్పాటు చేసుకునే వేడుకలో పిల్లవాడి స్థానం ఎంతటిదో ఈ సంఘటన సూచిస్తున్నది.

జాఫర్ షరీఫ్ వర్ణించిన ఈదీ వంటి పద్ధతులు ఇమామ్ సహ్నూన్ నియమానికి పూర్తిగా సరిపోతాయని చెప్పలేము. పద్యం చేతికిచ్చి పంపడం కూడా ఒక విధంగా అడగడమే. ఇచ్చుకోలేని తండ్రికి ఆ రంగు కాగితం బరువైనదే. అయినప్పటికీ ఒక సంగతి మరువరాదు. బిస్మిల్లా, హదియా రెండూ విద్యకు సంబంధించినవి. ధనికుని కుమారునికైనా, దర్జీ కుమారునికైనా ఆ మెట్లు ఒకటే.

సాల్‌గిరహ్‌ను ప్రజోపయోగానికి మళ్లించిన ఉదాహరణ కూడా హైదరాబాదులో ఉన్నది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ నలభయ్యవ జన్మదినం జ్ఞాపకార్థం 1905లో బాగె ఆమ్‌లో టౌన్‌హాలు నిర్మాణం ప్రారంభమై 1913లో పూర్తయింది. తర్వాత శాసనసభ సమావేశమైనది ఆ భవనంలోనే.

పుట్టినతేదీ బడిలోకి వచ్చిన విధం

మక్తబ్‌లో పిల్లవాడు ఏ మెట్టున ఉన్నాడన్నది అతను నేర్చిన పాఠాన్ని బట్టి తేలేది. 'ఎన్నవ పారా చదువుతున్నావు?' అని అడిగేవారే గాని, 'నీకెన్నేళ్లు?' అని అడిగే అవసరం తక్కువ. పందొమ్మిదవ శతాబ్దంలో యూరప్, అమెరికాలలో వ్యాపించిన సార్వత్రిక విద్య పిల్లలను వయస్సును బట్టి తరగతులుగా విభజించింది. ఒకే ఏటివారంతా ఒకే గదిలో చేరారు. పుట్టిన తేదీ అక్కరకు వచ్చింది. అంతకు ముందే పద్దెనిమిదవ శతాబ్దపు జర్మనీలో పిల్లల పుట్టినరోజుకు కేకు, కొవ్వొత్తుల ఆచారం ఉండేది. ఈ రెండూ కలిసిన తర్వాత పుట్టినరోజు తరగతి గదిలో ప్రవేశించడం సులభమైంది.

ఇందుకు ఆ పాటే ఒక సాక్ష్యం. అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో లూయీవిల్ నగరానికి చెందిన పాటీ హిల్, మిల్‌డ్రెడ్ హిల్ అనే అక్కచెల్లెళ్లు చిన్నపిల్లల బడి కోసం ఒక పాట కట్టి 1893లో ప్రచురించారు. ప్రతి ఉదయం తరగతిలోని పిల్లలందరికీ శుభోదయం చెప్పడానికి ఉద్దేశించిన పాట అది. కాలక్రమేణా ఆ బాణీలోనే పుట్టినరోజు మాటలు చేరి, లోకమంతా వ్యాపించాయి. అందరినీ ఉద్దేశించి పుట్టిన బాణీ ఒక్కరి పేరు మీదికి మారింది. పాఠశాలలో జరిగిన మార్పుకు ఇంతకన్నా మంచి గుర్తు దొరకదు.

మన తెలుగు ప్రాంతాలలో కథ మరో విధంగా నడిచింది. పాత తరంలో చాలామంది పల్లెవాసులకు తమ పుట్టినతేదీ తెలియదు. వరద వచ్చిన ఏడనో, కరువు నాటి ఏడనో తల్లి చెప్పేది. పిల్లవాణ్ణి బడిలో చేర్చేనాడు ప్రధానోపాధ్యాయుడు వయస్సు సరిపోయేటట్లు ఒక తేదీని రిజిస్టరులో వ్రాసుకునేవాడు. ఆ తేదీయే పదవ తరగతి సర్టిఫికెట్‌లోకి, ఉద్యోగంలోకి, పింఛను కాగితాలలోకి ఎక్కేది. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. 2023 నాటి సవరణ తర్వాత, ఆ యేడు అక్టోబరు 1 నుండి పుట్టినవారికి జనన ధ్రువపత్రమే పుట్టినతేదీకి ఆధారమైంది. ఒకప్పుడు మన పెద్దలలో చాలామందికి పుట్టినరోజును ఇచ్చినదే బడి అన్నమాట.

బడులలో అందరూ కలిసి జరుపుకొనే జన్మదినాలు కూడా మన దేశంలో ఉన్నాయి. నవంబరు 14 నెహ్రూ జన్మదినం బాలల దినోత్సవం. సెప్టెంబరు 5 రాధాకృష్ణన్ జన్మదినం 1962 నుండి ఉపాధ్యాయ దినోత్సవం. నవంబరు 11 మౌలానా ఆజాద్ జన్మదినం. 2008 నుండి జాతీయ విద్యా దినోత్సవం. ఈ మూడింటిలోనూ వ్యక్తి ఒక్కడే, కాని వేడుక మాత్రం పిల్లలందరిదీ. ఏ పిల్లవాడూ పిలుపు కోసం ఎదురుచూడవలసిన పనిలేదు.

పిలుపు చీటీ

2008లో స్వీడన్‌లోని లుండ్ నగరంలో ఒక చిన్న సంఘటన లోకమంతటా వార్త అయింది. ఎనిమిదేళ్ల బాలుడు తన పుట్టినరోజు విందు చీటీలను తరగతిలో పంచాడు. ఇద్దరికి మాత్రం ఇవ్వలేదు. అది గమనించిన పాఠశాలవారు పంచిన చీటీలను తిరిగి తీసుకున్నారు. బాలుని తండ్రి దీనిపై పార్లమెంటు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేశాడు. ఎవరిని పిలవాలో నిర్ణయించుకునే హక్కు ఇంటివారిదని ఒక వాదన. చీటీలు పంచింది బడి ఆవరణలో కాబట్టి, ఏ పిల్లవాడూ వేరుపడకుండా చూడవలసిన బాధ్యత బడిదని మరో వాదన.

రెండు వాదనలలోనూ బలం ఉన్నది. ఇంటి విందుకు ఇంటివారే యజమానులు. కాని బడి గది ఎవరి ఇల్లూ కాదు. ఈ కారణం వల్లనే నేడు అనేక దేశాలలో పాఠశాలలు, తరగతి మొత్తాన్ని పిలిచినప్పుడే చీటీలను లోపల పంచనిస్తున్నాయి. లేకపోతే బయట ఇచ్చుకోమంటున్నాయి. మన దేశంలో కూడా కొన్ని పాఠశాలలు చాక్లెట్లకు బదులు గ్రంథాలయానికి ఒక పుస్తకం ఇమ్మని కోరుతున్నాయి. మరికొన్ని ఆ నెలలో పుట్టిన పిల్లలందరినీ ఒకేనాడు అభినందిస్తున్నాయి. ఇవన్నీ ఆధునిక బాలల మనస్తత్వశాస్త్రం నేర్పిన పద్ధతులని చెప్పబడుతున్నవి. కాని వీటి సారం ఇబ్నుల్ హాజ్ గ్రంథంలో ఉన్నదే.

తేలుతున్న విషయం

ఈ చరిత్ర నుండి ముస్లిం విద్యాసంస్థల నిర్వాహకులు గ్రహించవలసినది ఏమిటి? వేడుకను అనుమతించాలా, నిషేధించాలా అన్న దానితో బాధ్యత తీరిపోదు. కేకును గడప బయట ఆపివేసి, ఖత్మె ఖుర్‌ఆన్ సభలో విరాళమిచ్చిన తండ్రి కుమారునికి పెద్ద పూలదండ, రిక్షావాని కుమారునికి చిన్న దండ వేసే సంస్థ ఇమామ్ సహ్నూన్ పరీక్షలో నెగ్గదు. పుట్టినరోజు లేకపోయినా అక్కడ పిల్లల హృదయాలు విరుగుతూనే ఉంటాయి.

ఇతర పాఠశాలలలో చదివే మన పిల్లల విషయం కూడా ఆలోచించాలి. ధార్మిక కారణాలతో ఆ వేడుకలో పాల్గొనని బాలుడు కూడా ఆ గదిలో ఒంటరి అవుతాడు. అతన్ని బలవంతంగా చప్పట్లు కొట్టించడం గాని, అందరి ముందు కారణమడిగి చిన్నబుచ్చడం గాని ఉపాధ్యాయునికి తగదు. అలాగే ఆ బాలుని తల్లిదండ్రులు, పిలిచిన స్నేహితుని మనస్సు నొప్పించకుండా మాట్లాడడం నేర్పాలి. పిలుపును గౌరవించడం ముస్లింపై ముస్లింకు గల హక్కులలో ఒకటిగా చెప్పబడింది. వెళ్లలేకపోయినా మంచి మాటతో సమాధానం చెప్పడం ఎవరి పట్లనైనా మర్యాదే.

హజ్రత్ నుఅమాన్ బిన్ బషీర్ (రజి) తండ్రి తమ కుమారులలో ఒక్కరికే కానుక ఇచ్చి, దానికి దైవప్రవక్త (స)ను సాక్షిగా ఉండమని కోరారు. మిగతా కుమారులకు కూడా అలాగే ఇచ్చావా అని ఆయన అడిగారు. లేదన్నప్పుడు సాక్ష్యానికి ఒప్పుకోలేదు. సంతానం మధ్య న్యాయం పాటించమని ఆదేశించారు. తరగతిలోని పిల్లలు ఉపాధ్యాయుని చేతిలో అమానత్. అక్కడ ఏ వేడుక జరిగినా, దాని పేరు ఏదైనా, మొదట వేసుకోవలసిన ప్రశ్న ఇదే: మిగతా పిల్లల మాట ఏమిటి?